ఎండ చూడని వంకాయలు

పోయిన వారం నాజిమె చేతిలో ఒక ఎండు వంకాయ డొల్ల ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇది ఎండ చూడలేదు" అందామె. అక్కడ ఆగాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆంతెప్ ఊరి కంచరి బజారులో సిద్ధిక్ హోటలంటే తెలియనివాళ్లు లేరు. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, అంతే. కానీ చలికాలం వచ్చిందంటే చాలు, ఎండు వంకాయ డొల్లల్లో గోధుమ రవ్వ, మాంసం కూరి పులుసులో ఉడికించిన దోల్మా కోసం కంచరులు చేతిలో పని వదిలేసి అక్కడికి వస్తారు. వేసవి మొదట్లో సిద్ధిక్ గుండె ఆగి పోయాడు. పెళ్లాం ముజ్‌గాన్ పొయ్యి వదలనంది. మరిది వక్కాస్ ఆ చోటు సెల్‌ఫోన్ల కొట్టుకు ఇచ్చేద్దామన్నాడు. హోటల్ తాళంచెవి మాత్రం తల్లి నాజిమె మెడలో వేలాడుతోంది. ఆవిడ తీర్పు ఒక్కటే: ఈ ఏటి మొదటి దోల్మా బజారు పెద్దలు తిని బాగుందంటే పొయ్యి కోడలిది, కాదంటే తాళంచెవి వక్కాస్‌ది. ఇంతలో కాలం కాని కాలంలో వాన పడి డాబా మీద దండలు కట్టిన వంకాయలన్నీ బూజు పట్టిపోయాయి. అయినా పెద్దలు రావాల్సిన ఈ రోజున హోటల్ వంటింటి దూలానికి నిండుగా దండలు వేలాడుతున్నాయి.

"నోరు పెగలదేం?" అంది నాజిమె. "ఇవి ఎక్కడివి?"

ముజ్‌గాన్ ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి కింద పెట్టి, నడుముకు కట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంది. ఎప్పటికైనా ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. ఇంత తొందరగా, పెద్దలు వచ్చే పూటే వస్తుందని మాత్రం అనుకోలేదు.

"ఎండ చూడలేదత్తయ్యా. మా ఇంట్లోనే ఆరబెట్టాను. మిషన్లో."

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ వక్కాస్ పకపకా నవ్వాడు. "తలారబెట్టుకునే మిషన్లోనా వదినా? అందుకే కాబోలు, చక్కగా జడలు కూడా వేసి వేలాడదీశావు!"

"నువ్వాగరా," అంది నాజిమె కొడుకుతో. చూపు మాత్రం కోడలి మీద నుంచి తిప్పలేదు. "ఏం మిషన్?"

ముజ్‌గాన్ చెప్పింది. అంకారాకు ఇల్లు మారిపోతున్న ఒక డాక్టరమ్మ వదిలించుకున్న పెట్టె అది. ముందు గాజు తలుపు, లోపల జల్లెడ పళ్లేలు, వెనక ఒక ఫ్యాను. మీట నొక్కితే వెచ్చటి గాలి తిరుగుతుంది. డాక్టరమ్మ అందులో ఆపిల్ ముక్కలు ఆరబెట్టుకునేదట. మొదటిసారి ముజ్‌గాన్ తొందరపడి వేడి బాగా పెంచేసింది. డొల్లలు పైన పెళపెళలాడాయి, లోపల తడి అలాగే ఉండిపోయి మర్నాటికల్లా బూజు వాసన కొట్టాయి. అన్నీ చెత్తలో పోసి ఆ పూట అన్నం కూడా తినకుండా ఏడ్చింది. ఏడుపు సంగతి మాత్రం ఇప్పుడు అత్తగారికి చెప్పలేదు.

నాజిమె డొల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. "పళ్లెం మీద పడుకోబెడితే నోరు మూసుకుపోతుంది కదే. దీని నోరు గుండ్రంగా తెరిచే ఉంది. ఎలా చేశావు?"

కోపం కోపమే, పని తెలిసిన మనిషి పని తెలిసిన మనిషే. ఆ ప్రశ్న అడగకుండా ఉండలేకపోయింది ఆవిడ.

"మధ్య పళ్లేలు పీకేశాను. పైదానికి దండ కట్టి కిందికి వేలాడదీశాను, డాబా మీద కట్టినట్టే. వేడి తగ్గించి నిదానంగా ఆరనిచ్చాను."

"డాబా మీద గాలి ఉంటుంది."

"ఇందులో ఫ్యాను ఉందత్తయ్యా."

"డాబా మీద వీధి ఉంటుంది," అంది నాజిమె. గొంతు హెచ్చింది. "దండ కడితే వీధంతా చూస్తుంది. ఈ ఇంట్లో చలికాలానికి కూడు ఉంది, తలుపు కొడితే ఇంత పెడతారు అని నలుగురికీ తెలుస్తుంది. మా అత్త కట్టింది, నేను కట్టాను. నువ్వేమో తలుపులు బిగించుకుని దొంగచాటుగా ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు తెచ్చి ఇక్కడ తగిలించావు."

"ముందే చెప్పి ఉంటే ముట్టుకునేవారా?"

"చచ్చినా ముట్టుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

వక్కాస్ ముందుకొచ్చాడు. "విన్నావుగా అమ్మా. ఇంకా ఎందుకు ఈ ఆరాటం? పెద్దలకు ఓ టీ ఇచ్చి పంపేద్దాం. ఆ తాళంచెవి ఇలా ఇవ్వు."

"ఎవరికి ఏమివ్వాలో నాకు నువ్వు చెప్పక్కర్లేదు," అంది నాజిమె. చొక్కా చేతులు మోచేతుల దాకా పైకి మడుచుకుంది. "ఇవి వంకాయలో గడ్డో పొయ్యి మీద తేలుతుంది. ఇవాళ నేనే వండుతాను. పెద్ద కళాయి ఇలా పడెయ్."

ఆ వంటింట్లో ఎండు డొల్లలు ఉడకడానికి గడియారంతో పని లేదు. నీళ్లు తెర్లుతుండగా బిస్మిల్లా అనుకుని డొల్లలు వేసి, మూత పెట్టి, నాజిమె సాయంత్రపు అసర్ నమాజుకు నిలబడుతుంది. నమాజు ముగించి, తస్బీహ్ జపమాల పూసలు తిప్పుకుని లేచి వచ్చేసరికి డొల్లలు కూరడానికి సరిగ్గా మెత్తబడి ఉంటాయి. ఆవిడ అత్తగారి కొలతా ఇదే. మధ్యలో మూత తీసే ధైర్యం ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ చేయలేదు, సిద్ధిక్‌తో సహా.

నాజిమె దండలు తెంపి డొల్లలన్నీ ఒక్కసారిగా తెర్లే నీళ్లలో వేసింది.

"అత్తయ్యా, ఇవి అంతసేపు..."

"నాకు వంట నేర్పుతున్నావా?"

పక్క మసీదులో అజాన్ మొదలైంది. నాజిమె మూత పెట్టి, సామాన్ల గదిలోకి వెళ్లి చాప పరుచుకుంది. ఇక ఆవిడతో మాట్లాడటానికి లేదు.

ముజ్‌గాన్‌కు ఈ డొల్లల సంగతి తెలుసు. ఇంట్లో ముందే ఉడికించి చూసింది. ఎండలో మాడిన డొల్ల తోలులా గట్టిపడుతుంది, దానికి నాజిమె నమాజంత సేపూ కావాలి. ఇవి మెల్లటి గాలికి ఆరినవి. నీళ్లు తగలగానే పీల్చుకుని తొందరగా మెత్తబడతాయి. అంతసేపు ఉంచితే తడిసిన కాగితంలా చిరిగిపోతాయి. అప్పుడు పెద్దలకు పెట్టడానికి మిగిలేది గంజి.

మూత మీద చెయ్యి వేయబోయింది.

"వదినా," అన్నాడు వక్కాస్ మెల్లగా. పక్క గదిలో తల్లి నమాజులో ఉంది కాబట్టి గొంతు పెంచలేడు. "ఆ మూత జోలికి పోకు. నేనిక్కడే ఉన్నాను, కళ్లారా చూస్తున్నాను."

"ఇవి చెడిపోతాయి వక్కాస్."

"చెడిపోనీ. అమ్మ చేతి మీదుగా చెడిపోతే నాకింకా మంచిది."

"ఇది మీ అన్న పొయ్యిరా."

"అన్న పోయాడు. పొయ్యి ఎవరి కోసం? నువ్వు కూడా హాయిగా మీ అన్నయ్య ఇంటికి వెళ్లి కూర్చోవచ్చుగా."

హాయిగా అట! ఆ హాయి ఏమిటో ముజ్‌గాన్‌కు తెలుసు. అన్న ఇంట్లో ఒక మూల కుట్టుమిషన్, వదిన మొహం చూసి టీ తాగడం, పిల్లల గుడ్డలు ఉతకడం. ఈ హోటల్‌కు కోడలిగా వచ్చి, పెళ్లైన వారానికే పొయ్యి దగ్గర కూర్చుంది. డొల్లలు కూరిన చేతులు ఆమెవి. మెచ్చుకోలు మాత్రం సిద్ధిక్‌కు పోయేది. అప్పట్లో అది ఆమెకు బాధనిపించలేదు, మొగుడి పేరే తన పేరు అనుకుంది. ఇప్పుడు ఆ మొగుడూ లేడు. ఈ పొయ్యి కూడా పోతే తను ఫలానా అని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఆమెకు భయం వేసింది. భయాన్ని మించి కోపం వచ్చింది.

మూత తీసేసింది. జల్లిగరిటె అందుకుని డొల్లలు తోడి పక్కనున్న చన్నీళ్ల బేసిన్లో వేయడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏయ్!" వక్కాస్ వచ్చి కళాయి చెవి పట్టుకున్నాడు, చుర్రుమని కాలింది, వదిలాడు, భుజం మీది తువ్వాలు చుట్టి మళ్లీ పట్టుకున్నాడు. "అమ్మ లేచేదాకా ఉడకాలి!"

"వదలరా!"

"వదలను!"

చూసేవాళ్లకు నవ్వొచ్చేదే. ఇద్దరూ కళాయి చెరోవైపు పట్టుకుని, పక్క గదిలోకి వినపడకుండా గుసగుసల్లో ఒకరినొకరు దులిపేసుకుంటున్నారు. ముజ్‌గాన్ ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో తోడుతూనే ఉంది. సగం డొల్లలు బేసిన్లో పడేసరికి వక్కాస్ గరిటె లాక్కుని మూత పెట్టేశాడు. పొయ్యికి వీపు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీపు కాలుతున్నా కదల్లేదు, మహానుభావుడు.

నాజిమె పూసలు చేతికి చుట్టుకుని వచ్చింది. చన్నీళ్లలో తేలుతున్న డొల్లలు చూసింది. కొడుకును చూసింది.

"మూత ఎవరు తీశారు?"

"నేనే అత్తయ్యా," అంది ముజ్‌గాన్.

"నేను ఆపానమ్మా!" అన్నాడు వక్కాస్. "నీ మాట నిలబెట్టాను. సగం కాపాడాను, చూడు."

నాజిమె అతన్ని పక్కకు తోసి మూత ఎత్తింది. వంకాయరంగు నీళ్లలో తొక్కలు తునకలు తునకలుగా తిరుగుతున్నాయి. గరిటె పెట్టి ఎత్తితే ఒక్కటీ నిండుగా రాలేదు.

"నువ్వు కాపాడింది ఇదా?"

వక్కాస్ తొణకలేదు. "మరి! మిషన్ వంకాయ కదమ్మా, నిలబడుతుందా? నేను మొత్తుకున్నది ఇందుకే. చిరిగిపోయింది చూడు!"

నాజిమె బేసిన్లోంచి ఒక డొల్ల తీసింది. అంచు దగ్గర బొటనవేలి గోరు గుచ్చింది. గోరు దిగింది, డొల్ల చిరగలేదు. లోపలికి రెండు వేళ్లు పోనిచ్చి సాగదీసింది. సాగింది. ఇంకోటి తీసింది. అదీ అంతే. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"మాట్లాడు," అంది కోడలితో.

"తప్పు వంకాయలది కాదు," అంది ముజ్‌గాన్. "ఉడికిన సేపుది. ఇవి ఎండలో మాడలేదు. వీటికి మీ నమాజులో సగం చాలు."

"అంటే నా లెక్క తప్పంటావు."

కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఈ గొంతు వింటే ముజ్‌గాన్ తల దించుకునేది. ఇవాళ దించుకోలేదు.

"మీ వంకాయలకు మీ లెక్క ఎప్పుడూ తప్పలేదత్తయ్యా. నా వంకాయలకు తప్పింది."

"ఇది డొల్లలు వేయకముందు చెప్పాలి," అంది నాజిమె.

"చెప్పబోయాను. మీరు నోరు మూయించారు."

"అంతకన్నా ముందు చెప్పాలి. డాబా తడిసిన రోజే నా దగ్గరికొచ్చి, అత్తయ్యా నేనిలా చేస్తాను అనాలి."

"అవును," అంది ముజ్‌గాన్. "అక్కడ తప్పు నాది."

నాజిమె పీట లాక్కుని కూర్చుని, రవ్వా మాంసం కలిపిన పళ్లెం ఒళ్లోకి తీసుకుంది. కొంచెం నోట్లో వేసుకుంది.

"మిరప ముద్ద కూడా డాబా మీదిది కాదుగా?"

"డాబా మీదిది వానకు పులిసిపోయింది. మిరపకాయలు, టమాటాలు కూడా పెట్టెలోనే ఎండబెట్టి, నానబెట్టి రుబ్బాను."

"ఊఁ," అంది నాజిమె. అది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. డొల్ల తీసి బొటనవేలితో కూరడం మొదలుపెట్టింది. పైన వేలెడు ఖాళీ ఉంచి అంచు లోపలికి మడిచింది. ఒక్క క్షణం ఆగి, తలెత్తకుండానే పీట పక్కన నేల మీద చేత్తో తట్టింది. ముజ్‌గాన్ వచ్చి కూర్చుంది. ఇద్దరూ కలిసి కూరారు.

కూరినవన్నీ గిన్నెలో వరసగా పేర్చి, మధ్యమధ్య వెల్లుల్లి రెబ్బలు దోపి, పుల్లటి సుమాక్ పొడి కలిపిన పులుసు పోసి, పైకి తేలకుండా ఒక పళ్లెం బోర్లించింది ముజ్‌గాన్. ఈసారి మంట ఆమే చూసుకుంది. నాజిమె అడ్డు చెప్పలేదు. పులుసు ఇంకుతున్నకొద్దీ వాసన వంటిల్లు దాటి బజార్లోకి పోయింది. పక్క కొట్టులో సుత్తి చప్పుడు ఆగింది.

మొదటి దోల్మా నాజిమె తింది. వక్కాస్ కూడా ఊపిరి బిగబట్టి చూశాడు. ఆవిడ నమిలింది, మింగింది, నీళ్లు తాగింది.

"ఉప్పు తక్కువ," అంది.

ముజ్‌గాన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఆమె వంటకు దొరికిన అతిపెద్ద బిరుదు అది. వంక పెట్టడానికి ఇంకేమీ దొరక్కపోతేనే నాజిమె ఉప్పు దగ్గరికి వస్తుంది.

"అమ్మా!" అన్నాడు వక్కాస్.

"నువ్వుండు. ఇంకా అయిపోలేదు." నాజిమె కోడలి వైపు తిరిగింది. "మూత తీసినందుకు నిన్ను ఏమీ అనను. నా దగ్గర దాచినందుకు మాత్రం ఊరుకోను. నన్ను మోసం చేసినట్టు ఆ కూర్చునేవాళ్లను చేయడానికి వీల్లేదు. మొదటి ముద్ద నోట్లోకి పోకముందే చెప్పాలి, ఇది మిషన్లో ఎండిందని. నేను చెప్పను, నువ్వే చెప్పాలి. తిన్నాక చెబితే లెక్కలోకి రాదు."

"మెమిక్ ఉస్తాకా?" అంది ముజ్‌గాన్.

"ఆయనకే."

వక్కాస్ ముఖం మళ్లీ వెలిగింది. ఎందుకు వెలగదు! ఉస్తా అంటే పనిలో గురువు, మెమిక్ ఉస్తా ఆ బజారుకే పెద్ద. చేత్తో కొట్టిన రాగి గిన్నెలకు ఒకప్పుడు ఆయన కొట్టు ముందు జనం నిలబడేవాళ్లు. మిషన్ గిన్నెలు వచ్చి ఆ కొట్టు సగం మూయించాయి. అప్పటినుంచి ఆయన ముందు మిషన్ అనే మాట ఎత్తితే తాగుతున్న టీ కూడా వదిలేసి లేచిపోతాడు. ఆయన లేస్తే మిగతావాళ్లు కూర్చోరు.

"చెప్పి పెడితే ముట్టుకోరు," అంది ముజ్‌గాన్.

"చెప్పకుండా పెడితే నువ్వు ఈ పొయ్యికి తగవు," అంది నాజిమె.

బయట కుర్చీలు జరిపిన చప్పుడైంది. పెద్దలు వచ్చేశారు. ముజ్‌గాన్ తలగుడ్డ సరిచేసుకుంది. డొల్లలు సగం పోయాయి కాబట్టి మనిషికి రెండేసి చొప్పున పళ్లేల్లో పెట్టి పైన కాస్త పులుసు పోసింది. పళ్లేలన్నీ ఒక ట్రేలో పెట్టుకుని పెద్దల బల్ల దగ్గరికి తెచ్చింది.

"రా అమ్మా రా," అన్నాడు మెమిక్ ఉస్తా. "మా సిద్ధిక్ పోయాక ఈ వాసన మళ్లీ తగులుతుందనుకోలేదు. నీ చెయ్యి చల్లగుండ!" అంటూనే రొట్టె తుంచి దోల్మా అందుకున్నాడు.

"ఉస్తా, చెయ్యి ఆపండి."

గట్టిగానే వచ్చింది మాట. అందరూ తలెత్తారు.

"తినేముందు ఒకటి చెప్పాలి. వాన మా దండలన్నీ పాడుచేసింది. ఈ వంకాయలు ఎండ చూడలేదు. వీటిని నేను మిషన్లో ఎండబెట్టాను. కోసింది, దండ కట్టింది, కూరింది మనిషి చెయ్యే. ఎండబెట్టింది మాత్రం మిషన్. తినడమూ మానడమూ మీ ఇష్టం. వండింది మాత్రం నేను. సిద్ధిక్ ఉన్నప్పుడు కూడా నేనే."

మెమిక్ ఉస్తా దోల్మాను తిరిగి పళ్లెంలో పెట్టాడు. వేళ్లు రొట్టెముక్కకు తుడుచుకున్నాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు. ఆయన లేవగానే మిగతా ముగ్గురూ లేచారు.

ముజ్‌గాన్ ట్రే పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఆ మిషన్ ఎక్కడుంది?" అన్నాడు ఆయన.

"మా ఇంట్లో ఉంది."

"ఇక్కడికి తీసుకురా. నా కళ్లముందు పెట్టు. దాన్ని చూశాకే తినడమా మానడమా చెప్తాను. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ పడిందంటే నేనిక్కడ ఉండను."

"తెస్తాను," అంది ముజ్‌గాన్. ట్రే బల్ల మీద పెట్టి, పళ్లేల మీద పెద్ద మూత బోర్లించింది. "నేనొచ్చేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు. కూర్చోండి ఉస్తా."

ఆ బజార్లో ఆయనకు అలా చెప్పినవాళ్లు లేరు. ఆయన కూర్చోలేదు, అలాగని గుమ్మం వైపు కూడా కదల్లేదు.

ముజ్‌గాన్ సాయానికి పిలుద్దామని వంటింట్లోకి తిరిగి చూసింది. గుమ్మం దగ్గర వక్కాస్ లేడు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

"వాడెక్కడ అత్తయ్యా?"

"నువ్వు మిషన్ ఇంట్లో ఉందన్నావు చూడు," అంది నాజిమె, ముఖం పాలిపోయి, "ఆ మాట వినగానే దాన్ని మాయం చేయడానికి పరుగెత్తాడు. సిద్ధిక్ ఇచ్చిన మీ ఇంటి రెండో తాళంచెవి వాడి దగ్గరే ఉందే!"

ముజ్‌గాన్ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దూకింది.